ఏడుపు పాటకు శ్రుతి

ఇల్లందు దగ్గర, మా తండా
కార్తీక పౌర్ణమి మర్నాడు

పూజ్యులైన నిర్మలాదేవి మేడమ్ గారికి,

మీ శిష్యురాలు కళ్యాణి నమస్కరించి రాస్తున్నది. నన్ను గుర్తుపడతారో లేదో. వైరా హైస్కూల్లో పదో తరగతి, హాస్టలు పిల్ల, రెండో బెంచీ. పద్యం అప్పజెప్పమంటే గేటు దాకా వినపడేట్టు అరిచేదాన్ని. మీరు చెవులు మూసుకుని, "అమ్మా, పద్యం చదువుతున్నావా, ఎడ్లను అదిలిస్తున్నావా" అనేవారు. ఆ కళ్యాణినే.

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారు. ఫోన్ చేయడానికి గొంతు లేదు మేడమ్. ఖమ్మంలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. సెక్షనుకు తొంభై మంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లాసులు. పక్క గదిలో లెక్కల సారు కేకలు, పైన ఫ్యాన్ల చప్పుడు. వాటన్నిటి మీదుగా అరిచి అరిచి దసరా ముందే గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, పసుపు పాలు, చుట్టుపక్కల వాళ్లు చెప్పినవన్నీ అయ్యాయి. పోయిన వారం క్లాసులో నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మిగిలిన పాఠం బోర్డు మీద రాసి ముగించాను.

డాక్టరు గొంతులోకి కెమెరా పంపి చూపించాడు. లోపల రెండు మడతలుంటాయట, అవి ఒకదానికొకటి తగిలి మాట పుడుతుందట. నావి అరుపులతో ఒరుసుకుని కాయలు కాశాయట, పార పట్టిన అరచేతికి కాసినట్టే. మూడు వారాలు ఒక్క మాట మాట్లాడొద్దన్నాడు. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి గొంతుకు మాట్లాడడం నేర్పాలన్నాడు. ఇంకోసారి ఇట్లాగే చేసుకుంటే ఆపరేషనేనట, అది చేసినా పాత గొంతు వస్తుందని హామీ లేదట. కాలేజీ వాళ్లు ఫిబ్రవరి దాకా ఆగుతామన్నారు. అప్పటికీ రాకపోతే అడ్మిషన్ల దగ్గర కూచోబెడతారట. పాఠం చెప్పకుండా నేను కాలేజీలో ఏం చేయను?

అందుకని తండాకు వచ్చేశాను. ఇక్కడ ఇంట్లో సిగ్నల్ ఎప్పుడో గాని తగలదు, కావాలంటే గుట్ట ఎక్కాలి. మాట్లాడకూడని మనిషికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉగాది దాటాక నా పెళ్లి. అబ్బాయి సంతోష్, భద్రాచలం వైపు ఫారెస్టు బీట్ ఆఫీసరు. మా లంబాడీల్లో పెళ్లికూతురు ఇల్లు విడిచే ముందు ఢావ్లో చెప్పాలి. తల్లిని, తండ్రిని, పెంచిన వాళ్లను ఒక్కొక్కరినే మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, వాళ్లతో గడిపిన బతుకంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడవాలి. పెళ్లికి నెలల ముందు నుంచే పెద్ద ఆడవాళ్లు కూచోబెట్టి నేర్పుతారు. అమ్మానాన్న పత్తి చేలల్లో, మిరప చేలల్లో పనులకు తిరుగుతుంటే నన్ను పెంచింది మా నాయనమ్మ బాలి. నా చిన్నప్పటి నుంచి కనపడిన వాళ్లందరితో ఆమె చెప్పేది ఒకటే మాట: "నా మనుమరాలి ఢావ్లో ఇన్నంకనే నేను పోత." ఇప్పుడు ఆమెకు చెవులు సరిగా వినపడవు. నాకు గొంతు లేదు.

మీరు ముప్పై ఏళ్లకు పైగా మైకు లేకుండా పాఠం చెప్పారు. రేకుల మీద వాన పడుతున్నా మీ మాట చివరి బెంచీకి వచ్చేది, అయినా మీరు అరిచినట్టుండేది కాదు. అదెట్లా అని అప్పుడు అడగాలని తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నా గొంతు నాకు కావాలి మేడమ్.

మీ
కళ్యాణి

*

వైరా
నవంబరు నెలాఖరు

చి. కళ్యాణికి,

నీ మేడమ్ ఆశీర్వదించి రాయునది. నిన్ను గుర్తుపట్టకేం. నువ్వు పద్యం అప్పజెబితే పక్క క్లాసు వాళ్లకు కూడా వచ్చేసేది. ఇంటికి చేత్తో రాసిన ఉత్తరం రావడం చూసి మా ఆయన వెంకటరామారావు గారు పొలం గట్టు తగాదాలో నోటీసేమోనని హడలిపోయారు. చదివి వినిపించాక, "ఆ పిల్లకు అప్పుడే చెప్పాల్సింది" అన్నారు. అప్పుడూ చెప్పాను. నువ్వు వినలేదు, నువ్వు అరుస్తూ ఉన్నావు.

ముందు ఇది విను. మౌనం అంటే మౌనమే. గుసగుసలు కూడా వద్దు, గుసగుస గొంతుకు అరుపుతో సమానం. మాటిమాటికీ "ఉహుఁ" అని గొంతు సవరించుకునే అలవాటు నీకుంది, అది మానుకో. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగు. పొయ్యి పొగలో కూచోకు. కోపం వస్తే రాసి చూపించు, సగం కోపం రాసేలోపే పోతుంది.

నేను మైకు లేకుండా ఎట్లా చెప్పానంటావా. మాట గొంతులో పుడుతుందిగానీ దానికి బలం పొట్ట దగ్గర నుంచి రావాలి. మోగడం పెదవుల మీద, ముక్కు పక్క ఎముకల్లో మోగాలి. మధ్యలో ఉన్న గొంతు పాపం దారి మాత్రమే. నువ్వు బరువంతా తీసుకెళ్లి దాని మీద వేశావు. మా సంగీతం మాస్టారు మొదటి ఏడాదంతా నన్ను కింది షడ్జమం దాటనివ్వలేదు. తెల్లవారుజామున లేచి నోరు మూసుకుని "మ్" అనడమే పని. పాటెప్పుడు మాస్టారూ అని ఏడిస్తే, "ముందు నీ గొంతు నీకు పరిచయం కానీ" అనేవారు. నీ మూడు వారాలు అయ్యాక నువ్వూ అదే చెయ్యి. డాక్టరు చెప్పినవి మానకుండా, వాటితో పాటు.

ఇక నీ ఢావ్లో. ఏడుస్తూ పాడడం అన్నావు. పాట అన్నాక శ్రుతి ఉండాలి. ఏడుపు పెళ్లినాడు ఎలాగూ దానంతట అదే వస్తుంది, పెళ్లికూతుళ్లకు ఒకరు నేర్పాలా. ముందు పాట నిలబడాలి. మీ పెద్దవాళ్లు చెప్పే మాటలు తెలుగులో రాసి పంపు, వరస నేను కడతాను. శ్రుతిలో ఉన్న గొంతుకు దెబ్బ తగలదు.

మీ నాయనమ్మ గారికి నా నమస్కారాలు.

నిర్మలాదేవి

*

తండా
డిసెంబరు మధ్యలో

మేడమ్ గారికి నమస్కారాలు.

మౌనం అయిపోయింది. మనం నోరు మూసుకుంటే ఎదుటివాళ్ల గొంతులు వినపడతాయని నాకు ఇప్పుడే తెలిసింది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు మేడమ్, అందరూ కేకలే వేస్తారు. నాన్న ట్రాక్టరు మీద నుంచి, అమ్మ దొడ్లో నుంచి. ఇక నాయనమ్మతో అయితే చెప్పనక్కర్లేదు. అన్నం తింటావా అన్న మాట కూడా తండా చివరి దాకా పోతుంది. ఆమె "ఆఁ? ఏందీ?" అంటుంది. వీళ్లు ఇంకా గట్టిగా అంటారు. ఆమె మొహం ముడుచుకుపోతుంది. ఒకసారి అమ్మను, "ఎందుకు తిడుతున్నవే నన్ను" అని అడిగింది. అమ్మ తిట్టలేదు, మజ్జిగ కావాలా అంది.

నేను మాట్లాడకపోవడం ఆమెకు ముందు అర్థం కాలేదు. అమ్మ గొంతు చూపించి సైగలు చేస్తే దిష్టి తగిలిందనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ పొగ మీరు చూసి ఉంటే ఇద్దరినీ తిట్టేవారు. కొన్నాళ్లకు అది కోపంగా మారింది. గోరి పెద్దమ్మ అని మా తండాలో ఢావ్లో నేర్పే ఆమె ఉంది, ఆమెతో అంటుంటే విన్నాను: "ఖమ్మంల పిల్లలకు పాఠం చెప్తదట. ఇంట్ల ముసల్దాంతోని మాట్లాడనీకె నోరు రాదు."

ఇప్పుడు కొంచెం మాట వచ్చింది, అయినా ఆమెతో మాట్లాడలేకపోతున్నాను. ఆమెతో మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే ఉన్నది కూడా పోతుంది. అందుకని చెప్పాల్సినవన్నీ అమ్మ చేత చెప్పిస్తున్నాను.

ఆస్పత్రిలో గొంతు కసరత్తులు నేర్పే మేడమ్ ఒకామె ఉంది. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేట్టు ఊదుతూ "ఊ" అనమంది. స్ట్రాలు అయిపోతే బొప్పాయి ఆకు కాడతో చేస్తున్నాను, అది ఇంకా బాగుంది. తండా ఆడవాళ్లు పని చూసుకుని వచ్చి మరీ చూసి పోతున్నారు. రూప్లి వదిన అయితే, "గింత చదివిచ్చి గిదా నేర్పిండ్రు, బర్రె కుడితి తాగినట్టు" అంది. నాకు నవ్వొచ్చి బుడగలు ఆగిపోయాయి.

మీరు చెప్పిన "మ్" మాత్రం చాలా రోజులు రాలేదు. గొంతులో గరగర తప్ప ఏమీ లేదు. మొన్న పొద్దున అడవి అంచున ఇప్పచెట్ల దగ్గర కూచుని, ఇక రాదులే అనుకుంటూ ఊరికే అన్నాను. పెదవులు జివ్వుమన్నాయి. ముక్కు పక్కన ఎముకలు మోగాయి. గొంతు ఉన్నట్టే తెలియలేదు. అది నా గొంతేనా అని మళ్లీ అన్నాను, మళ్లీ మోగింది. అక్కడే కూచుని ఏడ్చాను మేడమ్.

గోరి పెద్దమ్మ చెప్పిన మాటలు మా భాషలోంచి తెలుగులోకి మార్చి వేరే కాగితం మీద రాశాను. వీపున కట్టుకుని పత్తి ఏరిన నాయనమ్మా, నీ వీపు దిగి పోతున్నాను, ఎవరి వీపు ఎక్కను, ఇట్లా సాగుతుంది.

మీ
కళ్యాణి

*

వైరా
జనవరి

చి. కళ్యాణికి,

నీ "మ్" వచ్చిన సంగతి చదివి నేను కూడా పెరట్లోకి వెళ్లి కాసేపు కూచున్నాను. అది వచ్చాక ఇక పోదు. రోజూ పొద్దున్నే ఆ మోత మీదే మాట పెట్టడం నేర్చుకో. "మ్" అని, ఆగకుండా "మా అమ్మ" అను, "మావి చెట్టు" అను. మోత తెగకుండా మాట బయటికి రావాలి. తెగితే మళ్లీ మొదలుపెట్టు.

నువ్వు గుట్ట ఎక్కి ఫోన్ చేశావని మా ఆయన చెప్పారు. నేను అప్పుడు స్నానానికి వెళ్లాను. ఉత్తరమే రాయి. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు.

క్లాసు గురించి కూడా ఆయనను అడిగావట. వెళ్లగానే మైకు అడుగు, అది నామోషీ కాదు. క్లాసులోకి పోగానే మాట్లాడకు. నిలబడు, ఊపిరి తీసుకో, పిల్లలు ఆగేదాకా ఆగు. గోలకు పోటీగా గొంతెత్తావో, గోల గెలుస్తుంది. మొదటి మాట నీ మామూలు గొంతుకంటే కొంచెం కిందికి అను. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకు, గోడకు ఫిజిక్సు అక్కర్లేదు. చివరి బెంచీలో ఒకణ్ని చూసుకుని వాడితో మాట్లాడు.

మీ ఢావ్లోకు వరస కట్టాను. ఏడుపు పాట కదా, ముఖారి రాగంలో పెట్టాను. చరణాలు విడగొట్టి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీతలు పెట్టాను, స్వరం పక్కనే రాశాను. ఫోన్‌లో తంబుర మోగుతుందని మా పక్కింటి సాహిత్య చెప్పింది, అది పెట్టుకుని సాధన చెయ్యి. పాట ఎత్తు నాలుగు శ్రుతి దాటొద్దు. ఈ వరస నిలబెట్టగలిగితే, పెళ్లికి వచ్చిన వాళ్లు నీ గొంతు గురించి పదేళ్లు చెప్పుకుంటారు.

నిర్మలాదేవి

*

ఖమ్మం
ఫిబ్రవరి చివర

మేడమ్ గారికి నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మంచి కబురు ముందు చెబుతాను. కాలేజీలో మళ్లీ చేరాను. మైకు అడిగితే ఇచ్చారు, నడుముకు కట్టుకునేది. మొదటి క్లాసులో మీరు చెప్పినట్టే నిలబడ్డాను. పిల్లలు కాసేపు గోల చేశారు, తర్వాత మేడమ్‌కు ఏమైందోనని ఆగారు. చిన్నగా మొదలుపెట్టాను. క్లాసు అయ్యాక చివరి బెంచీ పిల్లలు వచ్చి, ఇన్నాళ్లూ మీరు చెప్పేది ఇంత అర్థం కాలేదు మేడమ్ అన్నారు. సాయంత్రానికి గొంతు మామూలుగానే ఉంది. లెక్కల సారు గొంతు బొంగురుపోతుంటే నేనే బొప్పాయి కాడ సంగతి చెప్పాను.

ఇక రెండోది. ఇది మీకు రాయకూడదనే అనుకున్నాను. రెండు వారాలు రాయలేదు కూడా.

ముఖారి వరస పూర్తిగా వచ్చింది. ఒక ఆదివారం తండాకు వెళ్లి ఆడవాళ్ల ముందు పాడాను. ఎక్కడా శ్రుతి తప్పలేదు, గొంతు జీర పోలేదు. అయ్యేదాకా అందరూ మర్యాదగా కూచున్నారు. గోరి పెద్దమ్మ నా తల నిమిరి, "మంచిగ పాడినవ్ బిడ్డా. రేడియోల పెట్టొచ్చు. గని గిది పాటనే, ఢావ్లో కాదు. ఢావ్లో అంటే లోపట తెగాలె" అంది. నాయనమ్మ దూరంగా కూచుని నా మొహం చూస్తూ ఉంది. ఆమెకు ఏమీ వినపడలేదని నాకు తెలుసు. మొహంలో కూడా ఏడుపు కనపడకపోయేసరికి లేచి లోపలికి వెళ్లిపోయింది.

నాకు పట్టుదల వచ్చింది. పై ఆదివారం గోరి పెద్దమ్మ చెప్పినట్టే చెప్పాను. గుండెలోంచి తీసి, పైకెత్తి, నాయనమ్మకు వినపడాలని ఇంకా ఎత్తి. ఆడవాళ్లంతా ఏడ్చారు. నాయనమ్మకు మాత్రం నా అరుపే తప్ప మాట అందలేదు. సోమవారం పొద్దున లేస్తే గొంతు లేదు.

నాలుగైదు రోజులకు తిరిగొచ్చింది గానీ ఆస్పత్రి మేడమ్ మళ్లీ కెమెరా పెట్టించి చూసింది. లోపల నెత్తురు చార కనపడిందట. ఈసారి దేవుడు వదిలేశాడు, మళ్లీ ఇట్లా ఏడిస్తే ఈ ఉద్యోగం మరిచిపో అంది. పెళ్లికి ఇంకా నెల పైన ఉంది. ఢావ్లో చెబితే నా పాఠం పోతుంది. చెప్పకపోతే నాయనమ్మ ఇన్నేళ్లు ఎదురుచూసింది పోతుంది. ఏం చేయను మేడమ్?

మీ
కళ్యాణి

*

వైరా
మార్చి మొదట్లో

కళ్యాణీ,

నీ ఉత్తరం చదివి మా ఆయనకు చెప్పాను. ఆయన ముందు నీ గొంతు గురించి బాధపడ్డారు, తర్వాత నన్ను చూసి, "పెళ్లికూతురి ఏడుపుకు తాళం కూడా వేశావా" అని అడిగారు. వేశాను. ఆది తాళం. ఆయన చాలాసేపు నవ్వారు, నేను నవ్వలేకపోయాను. ఒకరు ఇంకొకరి మెడ పట్టుకుని చెప్పుకునే మాటలను నేను కచేరీ అనుకున్నాను. నీకు శ్రుతి నేర్పాలన్న ఉబలాటంలో అది ఎవరి కోసమో చూడలేదు. ఆ కాగితం చించెయ్యి.

నువ్వు రెండు వారాలు దాచి ఇప్పుడు చెప్పావు. నేను నెలల తరబడి దాచింది నీకు చెబుతాను. నా గొంతు వణుకుతోంది. డాక్టరు వయసన్నాడు, మందు లేదన్నాడు. పోయిన శ్రావణంలో పేరంటంలో పాట ఎత్తుకుంటే వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఆ రోజు నుంచి పాడడం మానేశాను, కొత్తవాళ్లతో మాట్లాడడం మానేశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఫోన్ పక్కనే ఉన్నాను. వాన చప్పుడులో కూడా చివరి బెంచీకి వినపడే గొంతు అని రాశావు చూడు, ఆ గొంతు నీకు అట్లాగే గుర్తుండాలనిపించింది. గొంతు ఉన్నన్నాళ్లూ ఎంత గర్వపడ్డానో, పోయాక అంత సిగ్గుపడుతున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ గొంతుతో ఇంకా ముప్పై ఏళ్లు పాఠం చెప్పాలి నువ్వు. ఒక్క రోజు కోసం దాన్ని తగలబెట్టకు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. కానీ ఢావ్లో చెప్పలేనని మీ నాయనమ్మతో అమ్మ చేత చెప్పించకు. అది నువ్వే చెప్పాలి. ఎట్లా చెబుతావో నాకు తెలియదు.

నిర్మలాదేవి

*

తండా
ఉగాది మర్నాడు

మేడమ్ గారికి,

శుభలేఖ ఇందులో పెట్టాను. మీరు, సారు తప్పకుండా రావాలి.

మీ మాట వినలేదు. నేనే చెబుదామని నాయనమ్మ ఎదురుగా కూచున్నాను. ఆమె "ఏందీ" అని నా వైపు చూసేసరికి, ఈ మాట కూడా తండా అంతా వినేట్టు అరిచి చెప్పాలా అనిపించి లేచి వచ్చేశాను. చివరికి అమ్మే చెప్పింది, వాకిట్లో నిలబడి, కేకేసి. వీధిలో పోయేవాళ్లు ఆగి విన్నారు.

నాయనమ్మ అరవలేదు, ఏడవలేదు. "నా చెవులు పాయె, దాని గొంతు పాయె. ఇగ ఎవలకు ఎవలు చెప్పాలె" అంది. పెళ్లినాడు చేను కాడ ఉంటానంది. నాన్న బతిమాలుతున్నాడు. ఆమె వినడం లేదు, వినపడటమూ లేదు. నా మొహం చూడడం మానేసింది. నన్ను పెంచిన మనిషి నా పెళ్లిలో ఉండదేమోనని భయంగా ఉంది మేడమ్.

మీ
కళ్యాణి

*

వైరా
ఏప్రిల్

చి. ల. సౌ. కళ్యాణికి,

మోకాళ్ల వల్ల అంత దూరం బండిలో రాలేను. మోకాళ్లు నిజమే గానీ మొత్తం కారణం అవి కావని నీకు తెలుసు. మా ఆయన ఒక్కరూ వస్తే నాకు భోజనం ఎవరు పెడతారని ఆయనను కూడా ఆపాను. చీర పంపుతున్నాను. అంచు కొంచెం ముదురు రంగు, మీ వాళ్లకు నచ్చుతుందనుకుంటాను.

చేను కాడికి వెళ్లిన మనిషిని చేను కాడికి వెళ్లి పలకరించవచ్చు. ఇంతకంటే నాకు తోచడం లేదు.

నిర్మలాదేవి

*

భద్రాచలం
పెళ్లయిన మూడో వారం

మేడమ్ గారికి,

పెళ్లి రోజు పొద్దున మీ ఫోన్ వచ్చినప్పుడు నాకు పసుపు రాస్తున్నారు. చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను, ఇప్పటికీ ఫోన్ పసుపుగానే ఉంది. మీ గొంతు వణికింది. మీరు చెప్పిన ప్రతి మాటా నాకు వినపడింది. మధ్యలో మీరు ఆగిపోయి, "ఇట్లా ఉంది నా గొంతు" అన్నారు. ఎట్లా ఉందో నేను చెప్పలేదు, ఏడుపొచ్చి. ఇప్పుడు చెబుతున్నాను, మా మేడమ్ గొంతులాగే ఉంది.

ఇక ఆ రోజు జరిగింది. నాయనమ్మ చేనుకు పోలేదు. నాన్న బతిమాలగా బతిమాలగా ఇంటి దగ్గరే ఉంది గానీ పందిట్లోకి రాలేదు. దొడ్లో పశువుల కొట్టం పక్కన, అందరికీ వీపు పెట్టి కూచుంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక పెళ్లివారు బయలుదేరాలన్నారు. ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. అమ్మ మెడ పట్టుకున్నాను, మాట రాలేదు, ఊరికే ఏడ్చాను. నాన్న దగ్గరా అంతే. గోరి పెద్దమ్మ నా బదులు తనే రెండు మాటలు ఎత్తుకుంది, నా పరువు కాపాడుదామని. అందరూ సర్దుకున్నారు. గొంతు బాగాలేని పిల్ల కదా అన్నారు.

నేను దొడ్లోకి వెళ్లాను. ఏం చేయాలో అనుకుని వెళ్లలేదు. వెనక నుంచి నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించాను. ఆమె కదలలేదు. నోరు ఆమె చెవి దగ్గరే ఉంది. మాట ఏదీ దొరకక, రోజూ పొద్దున చేసిన అలవాటుకు "మ్" అన్నాను. అంతే మేడమ్, ఆ కింది గొంతుతో, పెదవులు మోగేట్టు. ఆమె ఒళ్లంతా ఆగిపోయినట్టయింది. మెల్లగా తల నా వైపు వాల్చింది.

ఆ మోత మీదే మాట పెట్టాను. గొంతు ఎత్తలేదు, ఎత్తే ధైర్యం లేదు. గోరి పెద్దమ్మ నేర్పిన మాటలు గుర్తు రాలేదు, మీ ముఖారీ గుర్తు రాలేదు. నాయనమ్మా, ఆవకాయ అన్నం ముద్దలో నువ్వు దాచిపెట్టే వెన్న గుర్తుంది అన్నాను. నన్ను హాస్టల్లో దింపిన రోజు గేటు దగ్గర నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు, అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు తెలుస్తున్నది అన్నాను. ఇన్ని నెలలు నీతో మాట్లాడలేదు, గర్వం కాదు, భయం అన్నాను. మాటలు వాటంతట అవే సాగుతూ, రాగమో ఏడుపో నాకే తెలియకుండా వచ్చాయి. గొంతు ఎక్కడా ఒరుసుకోలేదు.

ఆడవాళ్లు కొట్టం దగ్గరికి వచ్చేశారు. రూప్లి వదిన, "గట్టిగ చెప్పు, మాకు ఇనవడ్తలేదు" అంది. నాయనమ్మ తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆపమంది. నేను చెబుతున్నాను. ఆమె ఒక్కొక్క మాటకూ "అవ్" అంటోంది. వెన్నకు "అవ్." హాస్టలు గేటుకు "అవ్." ఒక్కసారి కూడా "ఆఁ" అనలేదు, "ఏందీ" అనలేదు. నాకు అప్పుడు తెలిసింది మేడమ్, ఆమెకు వినపడుతోంది. మేమంతా అరిచినప్పుడు వినపడని మాట, చెవి పక్కన మెల్లగా, కిందికి, విడివిడిగా చెబితే వినపడుతోంది. ఇంతమందిమి ఇన్నేళ్లు ఆమె మీద అరిచాం.

అయ్యాక గోరి పెద్దమ్మ ముందుకొచ్చి, పిల్ల ఏం చెప్పిందని అడిగింది. ఢావ్లో నలుగురూ వినాల్సింది కదా. నాయనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "నాకు చెప్పింది" అంది. 

తర్వాత నాయనమ్మ నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. ఇన్ని వారాల తర్వాత నన్ను సరిగ్గా చూసింది. కోపంగా లేదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఇన్ని దినాలు గిట్ల ఎందుకు మాట్లాడలేదే నాతోని?"

 బయట బండి హారన్ కొడుతున్నారు, సంతోష్ వచ్చి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, మమ్మల్ని చూసి, వాళ్లను ఆపడానికి వెనక్కి వెళ్లాడు. నేను గడ్డి మీద నాయనమ్మ పక్కన కూచుని, ఖమ్మంలో నా గది ఎట్లా ఉంటుందో, నా క్లాసులో పిల్లలు ఎట్లా కూచుంటారో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

మీ
కళ్యాణి